కొత్త వంటింటికి ఏ హాబ్? చూపు తగ్గుతున్న అమ్మ వండుతుంది

తూర్పుకిటికీ

అందరికీ నమస్కారం. మా వంటిల్లు పూర్తిగా తీసేసి మళ్లీ కట్టిస్తున్నాం. గట్టు మీద పరిచే రాతిని కోయించడానికి ఇంకా పదిహేను రోజులే ఉంది. ఆలోగా ఏ హాబ్, అంటే గట్టు రాతిలో బిగించే పొయ్యి, పెట్టాలో తేల్చుకోవాలి. ఇన్నాళ్లూ మామూలు గ్యాస్ పొయ్యి వాడాం.

ఇంట్లో నలుగురం. వంట ఎక్కువగా అమ్మే చేస్తుంది. ఆమెకు 71 ఏళ్లు. గ్లకోమా వల్ల పక్కచూపు బాగా తగ్గింది, ఎదురుగా ఉన్నది మాత్రం కనబడుతుంది. పోయిన నెల పొయ్యి పక్కన పెట్టిన మసిగుడ్డ అంచుకు మంట అంటుకుంది. ఆమె చూడలేదు. వాసన తగిలాకే గుర్తుపట్టి తొట్టిలో పడేసింది. ఏమీ కాలేదు, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గ్యాస్ హాబ్, ఇండక్షన్, రేడియంట్ అని మూడు రకాలు చూశాను. ఎవరిని అడిగినా ఎవరింట్లో ఉన్నది వారికి గొప్ప. అమ్మ వంట మానేయాలని మాత్రం దయచేసి ఎవరూ చెప్పవద్దు. ఆ మాట ఇంట్లో ఇప్పటికే ఒకసారి వచ్చింది. రెండు రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

నీలిమంట

ఇరవై ఏళ్లుగా గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తున్నాను, కాబట్టి గ్యాస్ సంగతి నేను చెబుతాను.

గ్యాస్ హాబ్ కొంటే మంట ఆరితే గ్యాస్ ఆగిపోయే ఏర్పాటు ఉన్నదే కొనండి. లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. బర్నరు పక్కన మంట తగిలేలా చిన్న లోహపు పుల్ల ఉంటుంది. దాన్నే థర్మోకపుల్ అంటారు. అది వేడిగా ఉన్నంతసేపు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తే కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. గాలికో, పొంగిన నీళ్లకో మంట ఆరితే పుల్ల చల్లబడి, నిమిషం లోపే కవాటం మూసుకుంటుంది. ముట్టించేటప్పుడు నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచమనేది ఆ పుల్ల వేడెక్కడానికే. పెద్దవాళ్లు వెంటనే వదిలేసి 'ఇది పాడైపోయింది' అంటుంటారు. ఒక్కసారి చేయించి చూపిస్తే అలవాటవుతుంది.

ఇంకో మాట. సిలిండరు గ్యాస్‌కూ, గొట్టాల్లో వచ్చే సహజవాయువుకూ జెట్లు, అంటే బర్నరులోకి గ్యాస్ వదిలే సన్నని రంధ్రపు ముక్కలు, వేరు. సహజవాయువు తక్కువ ఒత్తిడితో వస్తుంది, దాని జెట్టు రంధ్రం పెద్దది. ఆ జెట్టుతో సిలిండరు గ్యాస్ వాడితే మంట ఎగసిపడి పసుపుపచ్చగా మండుతుంది, గిన్నెలకు మసి పడుతుంది. మీ ఇంటికి ఏ గ్యాస్ వస్తుందో, రేపు ఏది రావచ్చో ముందే చూసుకోండి.

అడుగుమందం

నీలిమంట గారి మాటలన్నీ నిజమే. అయితే తూర్పుకిటికీ గారింట్లో జరిగింది గ్యాస్ లీకు కాదు కదా, గుడ్డ అంటుకోవడం. థర్మోకపుల్ దాన్ని ఆపలేదు. మంట బాగానే మండుతోంది కాబట్టి కవాటం తెరిచే ఉంటుంది.

ఇండక్షన్‌లో మంటే లేదు. గాజు కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో సెకనుకు 20 వేల సార్లకు పైగా దిశ మారే విద్యుత్తు పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది, అడుగు తానే వేడెక్కుతుంది. గిన్నె తీసేస్తే వేడి పుట్టడం ఆగిపోతుంది. పక్కన గుడ్డ పడి ఉన్నా దానికి అంటుకునే నిప్పు లేదు.

లెక్క కూడా చెబుతాను. రెండు లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవాలంటే సుమారు 670 కిలోజౌళ్లు కావాలి. గ్యాస్ మంట వేడిలో గిన్నెకు చేరేది సుమారు 40 శాతం. 3 కిలోవాట్ల బర్నరు మీద తొమ్మిది నిమిషాలు దాటుతుంది. ఇండక్షన్‌లో 85 శాతం దాకా చేరుతుంది. 2 కిలోవాట్ల మీద ఆరున్నర నిమిషాలు చాలు. మిగిలిన గ్యాస్ వేడి ఎక్కడికి పోతుంది? వండేవాళ్ల ముఖానికీ, గదికీ. ఆ బర్నరు దగ్గర నిలబడితే 1.8 కిలోవాట్ల హీటరు ముందు నిలబడినట్టే.

పోతఇనుము

శాతాలతో వంట కాదండీ. మంటను కంటితో చూసి, చెవితో విని తగ్గిస్తాం. గుండ్రటి అడుగున్న బాణలి ఇండక్షన్ మీద నిలబడదు. నిలబడినా నడుమ ఒక్కచోటే వేడెక్కుతుంది. గ్యాస్ అయితే మంట పక్కలకూ పాకుతుంది, బాణలి ఎత్తి తిప్పినా సెగ తగులుతూనే ఉంటుంది. నలభై ఏళ్ల చేతి అలవాటును పదిహేను రోజుల్లో మార్చుకోమంటే ఆ తల్లికి ఎంత కష్టం?

అడుగుమందం

బాణలి విషయంలో మీ మాటే సరైనది, నేను ఒప్పుకుంటాను. అడుగు చదునుగా ఉన్న బాణలి కొనుక్కోవాలి. దానికి అలవాటు పడటానికి నాకు నెల పట్టింది.

గాలి విషయం కూడా చెప్పనివ్వండి. గ్యాస్ మంట ఎంత నీలంగా మండినా నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటు పరిమితిని 2021లో ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించింది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు.

నీలిమంట

ఇది కాదనను. అందుకే గ్యాస్ పెట్టిన ప్రతి ఇంట్లో గాలి బయటికి పోయే చిమ్నీయో, ఎగ్జాస్ట్ ఫ్యానో ఉండాలనీ, పొయ్యి ముట్టించక ముందే దాన్ని వేయాలనీ చెబుతాను. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీ జిడ్డును పడుతుంది కానీ ఈ వాయువును బయటికి పంపదు. కొనేటప్పుడు ఈ తేడా అడిగేవాళ్లు తక్కువ.

మసిగుడ్డ విషయంలో అడుగుమందం గారిదే సరైన మాట. నా వృత్తి గ్యాసే అయినా, ఆ తల్లికి మంట లేని పొయ్యే మేలని నాకూ అనిపిస్తోంది.

తూర్పుకిటికీ

ఇంత శ్రద్ధగా రాస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. మా గిన్నెల్లో సగం అల్యూమినియంవి, కొన్ని స్టీలువి. అన్నీ మార్చాలా? ఇంట్లో కరెంటు తీగలు పాతవి. అవి సరిపోతాయా?

అడుగుమందం

ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని ప్రతి గిన్నె అడుగుకూ పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. పోత ఇనుము, ఎనామిల్ పూసిన ఇనుము అన్నీ పనిచేస్తాయి. అల్యూమినియం, రాగి, ఇత్తడి పనిచేయవు. స్టీలులో రెండు రకాలున్నాయి. 304 రకాన్ని అయస్కాంతం పట్టదు, 430 రకాన్ని పడుతుంది. మంచి గిన్నెల్లో లోపల 304, అడుగున 430, మధ్యలో వేడిని సమంగా పంచడానికి అల్యూమినియం పొర ఉంటాయి. అడుగు తిప్పి స్కేలు అంచు ఆనించండి. కింద నుంచి వెలుతురు ఎక్కువ కనబడితే అడుగు వంగినట్టు. అది సరిగ్గా వేడెక్కదు, మోత కూడా చేస్తుంది.

మరీ చిన్న గిన్నెలతోనూ ఇబ్బందే. అడుగు 10-12 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే చాలా హాబ్‌లు గిన్నె ఉన్నట్టే గుర్తించవు.

తీగలపని

ఎలక్ట్రీషియన్‌ను. కరెంటు సంగతి నాకు వదలండి.

నాలుగు జోన్ల (గిన్నె పెట్టే చోట్ల) ఇండక్షన్ హాబ్ మొత్తం మీద 7.2 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది 31 ఆంపియర్లు. మామూలు ప్లగ్గు దీనికి పనికిరాదు. మీటరు బోర్డు నుంచి విడిగా ఒక లైను, దానికి 32 ఆంపియర్ల ఎం.సి.బి. (కరెంటు మించితే తానే ఆగిపోయే స్విచ్చు), సాధారణంగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. దూరాన్ని బట్టి, గోడలో తీగ వెళ్లే తీరును బట్టి మీ ఎలక్ట్రీషియన్ లెక్క కట్టాలి. ముందు మీటరు దగ్గర మీ ఇంటికి మంజూరైన లోడు, అంటే ఒకేసారి వాడుకోగల విద్యుత్తు, ఎంతో చూడండి. అది చాలకపోతే మిగతా ఆలోచనంతా వృథా.

లోడు తక్కువైతే దారి లేకపోలేదు. కొన్ని హాబ్‌లను అమర్చేటప్పుడే మొత్తం వాడకాన్ని 2.8 కిలోవాట్లకో, 3.5కో పరిమితం చేయవచ్చు. అప్పుడు ఒక గిన్నె పెద్ద సెగ మీద ఉంటే రెండోదానికి తక్కువ అందుతుంది. ఇద్దరు ముగ్గురికి వండే ఇంట్లో అదేమీ లోటు కాదు.

టైల్స్ వేయక ముందే తీగ లాగించండి. హాబ్‌ను పూర్తిగా ఆపే స్విచ్చు చేతికి అందాలి, కానీ హాబ్‌కు సరిగ్గా పైన ఉండకూడదు. నిప్పో పొగో వచ్చినప్పుడు గిన్నెల మీదుగా చెయ్యి చాపాల్సి రాకూడదు. ఇండక్షన్ హాబ్ కింద లోపలి ఫ్యాను గాలి పీల్చుకునే ఖాళీ ఉండాలి. అక్కడి సొరుగులో కాగితాలు, సంచులు కుక్కితే హాబ్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంది.

మూడోఅంతస్తు

కరెంటు పోతే ఏం చేస్తారన్నది కూడా చూసుకోవాలి. ఇన్వర్టరు మీద ఇండక్షన్ నడుస్తుందని మాకొకరు చెప్పారు. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు 1.8 యూనిట్ల శక్తే ఉంటుంది. 2 కిలోవాట్ల జోను ఒక్కటే దాన్ని గంట లోపే ఖాళీ చేస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టరు ఆ భారం మోయలేదు కూడా.

మా గాజు గ్యాస్ హాబ్ సంగతి చెబుతాను. నాలుగో ఏడు ఒక పొద్దున, పొయ్యి ఆర్పిన పావుగంటకు గాజు పలక పెద్ద చప్పుడుతో బద్దలై వేలాది ముక్కలైంది. ఆ నిమిషంలో వంటింట్లో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. ఏ కంపెనీదో చెప్పడం నా ఉద్దేశం కాదు. పెద్ద గిన్నెలు బర్నరు దాటి గాజు మీదికి రావడం మా తప్పేనని తర్వాత తెలిసింది.

గాజుపలక

మూడోఅంతస్తు గారూ, అది గట్టిపరిచిన గాజు. వేడి చేసి ఒక్కసారిగా చల్లబరచడంతో దాని పైపొర ఎప్పుడూ లోపలికి నొక్కుకుని ఉంటుంది, నడిమి పొర సాగి ఉంటుంది. అంచున చిన్న పెచ్చు లేచినా, లోపల నికెల్ సల్ఫైడ్ రేణువు మిగిలినా, గిన్నె కింద వేడి చిక్కుకున్నా ఎప్పుడో ఒక రోజు మొత్తం ఒకేసారి విడిపోతుంది. అందుకే గ్యాస్ హాబ్‌కు నేను స్టీలు పలకే మేలంటాను. అందం తక్కువైనా బద్దలవదు.

ఇండక్షన్, రేడియంట్ హాబ్‌ల మీద ఉండేది ఆ గాజు కాదు, గాజు-పింగాణీ. 1950లలో కోర్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను 600 డిగ్రీల దగ్గర వేడి చేయాలనుకుంటే కొలిమి 900 దాటిపోయింది. గాజు కరిగి పాడైపోయిందనుకున్నాడు. బయటికి తీస్తుంటే పట్టకారు నుంచి జారి నేల మీద పడినా అది పగల్లేదు. ఆ పదార్థం నుంచి వచ్చినవే ఈ పలకలు. వేడికి దాదాపుగా వ్యాకోచించవు కాబట్టి ఎర్రగా కాలినచోట చన్నీళ్లు పడినా పగలవు. కానీ పై అర నుంచి బరువైన సీసా మూలవాటున పడితే పగులుతాయి. కాబట్టి హాబ్‌కు పైన తెరిచిన అరలు పెట్టించవద్దు.

చక్కెర కలిసిన ద్రవం పొంగి వేడి గాజు మీద ఎండితే ఉపరితలం లేచిపోతుంది. ప్లాస్టిక్ కరిగి అంటుకున్నా అంతే. ఈ రెండింటిని మాత్రం వేడిగా ఉండగానే గీకుడు బ్లేడుతో జాగ్రత్తగా తీసేయాలి.

పోతఇనుము

రేడియంట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికి ఏ లోహపు గిన్నైనా సరిపోతుంది కదా?

గాజుపలక

సరిపోతుంది, అడుగు చదునుగా ఉంటే చాలు. గాజు కింద తీగ ఎర్రగా కాలి వేడినిస్తుంది. అయితే ఆపినా చాలాసేపు వేడి అలాగే ఉంటుంది. ఇంకా వేడిగా ఉందని చెప్పేది ఒక చిన్న ఎర్ర దీపం. చూపు తగ్గిన మనిషికి ఆ దీపాన్నే నమ్ముకోమనడం నాకు మనసొప్పదు. ఈ ఇంటికి రేడియంట్ వద్దు.

నిమ్మళం

ఈ చర్చ మొదటినుంచీ చదివాను. నాకు రెండు కళ్లలోనూ చూపు చాలా తక్కువ. పదేళ్లుగా ఒంటరిగా వండుకుంటున్నాను. ఐదేళ్లు గ్యాస్ మీద, ఐదేళ్లు ఇండక్షన్ మీద. ఇప్పటిదాకా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

మంట పోవడం మంచిదే. కానీ మంటతోపాటు నాకు ఆధారాలు కూడా పోయాయి. గ్యాస్ అయితే బుస్సుమనే చప్పుడును బట్టి సెగ ఎంతుందో తెలిసేది. చెయ్యి దూరంగా పెడితే వెచ్చదనం తెలిసేది. ఇండక్షన్ నిశ్శబ్దం. గిన్నె పెట్టానా, సరిగ్గా నడుమ ఉందా, జోను వెలిగిందా అన్నది మొదటి నెల నాకేమీ తెలియలేదు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, చాలా హాబ్‌లకు నాబ్‌లుండవు. నున్నటి నల్ల గాజు మీద వేలితో తాకాలి. ఎక్కడ తాకాలో వేలికి తెలియదు. వెతుకుతూ వేలు జరిపితే వెతికినచోటల్లా ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. తడి చేత్తో తాకితే అసలు పలకదు.

అందుకే తూర్పుకిటికీ గారూ, ముందు గ్యాసా ఇండక్షనా అని కాకుండా ముందు నాబ్‌లా కాదా అని చూడండి. నాబ్‌లతో ఇండక్షన్ హాబ్‌లు తక్కువగా దొరుకుతాయి కానీ దొరుకుతాయి. తిప్పితే టక్కుమని మెట్టు మెట్టుకూ ఆగే నాబ్ కావాలి. నున్నగా తిరిగేది వద్దు. సున్నా దగ్గర వేలికి తగిలే గుర్తు ఉండాలి. నాబ్‌లు హాబ్ మీద కాక గట్టు ముందువైపు అంచున ఉంటే ఇంకా మేలు. వేడి గిన్నెల మీదుగా చెయ్యి పోనక్కర్లేదు.

జోన్ల అంచుల్లో వేడిని తట్టుకునే సిలికాన్ చుక్కలు అంటించుకున్నాను. గాజు మీద అంటించే ముందు హాబ్ చేతిపుస్తకం చూడండి, నేను వేడి తగలని అంచుల్లోనే పెట్టాను. గాజు నలుపు కాబట్టి లేతరంగు గిన్నెలు వాడుతున్నాను. నల్ల గాజు మీద నల్ల బాణలి నాకు కనబడదు. మీ అమ్మగారికి ఎదురుచూపు ఉందన్నారు కాబట్టి వెనక జోన్ల కంటే ముందు జోన్లు ఎక్కువ వాడేలా పెద్దవి ముందుకు వచ్చిన నమూనా చూడండి.

ఇండక్షన్ అంటే కాలదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. గిన్నె వేడికి గాజు కూడా కాలుతుంది. నూనె అయితే గ్యాస్ కంటే తొందరగా కాగుతుంది, వదిలేస్తే అంటుకుంటుంది. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పెద్ద సెగ మీద మరిచిపోతే 260 డిగ్రీలు దాటి పూత పాడవుతుంది.

ఇంకొక్క మాట. హాబ్ కొనక ముందు, ప్లగ్గుకు పెట్టే ఒక జోను ఇండక్షన్ స్టవ్ ఎవరి దగ్గరైనా వారం రోజులకు తెచ్చి ఆమె చేతికివ్వండి. మీరు పక్కన నిలబడి సలహాలు చెప్పవద్దు.

మూడోఅంతస్తు

గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్లు ఇండక్షన్ వాడవచ్చా? మా నాన్నగారికి ఉంది.

అడుగుమందం

వాడుతున్నప్పుడు పేస్‌మేకరుకూ హాబ్‌కూ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉంచమని సాధారణంగా చెబుతారు. గట్టు మీదికి వంగి వండే అలవాటున్నవాళ్లకు ఆ దూరం నిలవడం కష్టం. పరికరం వివరాలతో వారి వైద్యుణ్ణి అడగకుండా కొనవద్దు.

తూర్పుకిటికీ

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. నిమ్మళం గారు చెప్పినట్టే పక్కింటివాళ్ల దగ్గర ఒక జోను స్టవ్ అడిగి తెచ్చి అమ్మకిచ్చాను. మొదటి రెండు రోజులు ఆమె దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు నేను లేనప్పుడు నీళ్లు పెట్టి చూసిందట. నాలుగో రోజు అడుగంటింది, నాతో ఏమీ అనలేదు, గిన్నె తోమి బోర్లించి ఉంది. ఆరో రోజుకు ఏ అంకె మీద నీళ్లు కుతకుతలాడతాయో, ఏ అంకె మీద సన్నగా ఉడుకుతాయో తానే చెప్పింది. అంకెలు కనబడక బటన్ ఎన్నిసార్లు నొక్కిందో బీప్ శబ్దాలు లెక్కపెట్టుకుంటోంది. తక్కువ సెగ మీద అది ఆగి ఆగి పనిచేయడం ఆమెకు నచ్చలేదు, 'ఉడుకు తెగిపోతోంది' అంది.

అడుగుమందం

అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. చవక స్టవ్‌లు తక్కువ సెగ ఇవ్వడానికి పూర్తి శక్తితో కొన్ని సెకన్లు వెలిగి, కొన్ని సెకన్లు ఆగుతాయి. మంచి హాబ్‌లు తక్కువ శక్తిని ఆగకుండా ఇస్తాయి. కొట్లో చూసేటప్పుడు కాసిని నీళ్లు పోసి అన్నింటికంటే తక్కువ మెట్టు మీద పెట్టించండి. బుడగలు ఒక వరసగా వస్తున్నాయా, వచ్చి ఆగుతున్నాయా అన్నది కంటికే తెలుస్తుంది.

తూర్పుకిటికీ

ఈ రోజు అమ్మను వెంట తీసుకెళ్లి నీళ్ల పరీక్ష చేయించి మరీ తీసుకున్నాం. నాబ్‌లతో నాలుగు జోన్ల ఇండక్షన్. పక్కనే 30 సెంటీమీటర్ల వెడల్పున్న ఒకే బర్నరు గ్యాస్ హాబ్, స్టీలు పలకతో, మంట ఆరితే ఆగే ఏర్పాటుతో. కరెంటు లేనప్పటికీ, ఆ గుండ్రటి బాణలికీ అది. దాన్ని నేనో మా అన్నయ్యో ఇంట్లో ఉన్నప్పుడే ముట్టించాలని అమ్మే నియమం పెట్టింది. తీగలపని గారు చెప్పినట్టు విడి లైను లాగించాం. లోడు పెంచమని దరఖాస్తు ఇచ్చాం, అది వచ్చేదాకా హాబ్‌ను 3.5 కిలోవాట్లకు పరిమితం చేస్తారు.

రాయి కోసే ఆయన 'అన్ని 60 సెంటీమీటర్ల హాబ్‌లకూ రంధ్రం 56 బై 49 సెంటీమీటర్లే, కోసేస్తాను' అన్నాడు. కోయనివ్వనా?

నీలిమంట

వద్దు. ఎక్కువగా ఆ కొలతే ఉంటుంది, కానీ అన్నింటికీ కాదు. మీది నాబ్‌లున్న నమూనా కూడా. హాబ్ ఇంటికి వచ్చాక పెట్టెలోని కొలత కాగితం రాతి మీద పరిచి గీత గీయించండి. రెండు హాబ్‌ల మధ్య ఎంత ఎడం ఉండాలో, గోడ నుంచి ఎంత వదలాలో, గ్యాస్ బర్నరు నుంచి చిమ్నీ దాకా ఎంత ఎత్తో రెండు చేతిపుస్తకాల్లోనూ ఉంటుంది. గ్యాస్‌కు చిమ్నీ ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్ల దాకా అడుగుతారు, విద్యుత్తుకు 65 చాలు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఎక్కువదాన్నే పాటించండి. గ్యాస్ బర్నరును కిటికీకి దూరంగా ఉన్న వైపు పెట్టించండి, గాలికి మంట ఆరుతూ ఉంటుంది.

నిమ్మళం

నాబ్‌లు కుడివైపు వస్తాయా, ముందువైపా? అమ్మగారిది ఏ చేతివాటం?

తూర్పుకిటికీ

ఎడమచేతివాటం. నాబ్‌లు ముందువైపు నడుమ ఉన్నాయి. మీ ప్రశ్న చదివి వినిపిస్తే గ్యాస్ బర్నరు ఎడమవైపు వద్దంది. కిటికీ కూడా ఎడమవైపే ఉంది కాబట్టి నీలిమంట గారి మాటకూ అది సరిపోయింది. కుడివైపుకు మార్చాం. ఎల్లుండి హాబ్ వస్తుంది, ఆ తర్వాతే రాయి కోత. లేతరంగు గిన్నెలు రెండు అమ్మే ఎంచుకుంది.